ఎడమ చెప్పు నిలవట్లేదన్న ఆమె: నా ఇంటర్న్‌షిప్‌లో ఒక ఫుట్ డ్రాప్ కేసు

కేసు షీటులో నేను రాసిన మొదటి వాక్యమే తప్పు. "నడుము సమస్య వల్ల ఎడమ కాలి బలహీనత" అని రాశాను. ఆ "వల్ల" అనే మాటకి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. రిఫరల్ చీటీలో ఉంది, దించేశాను. ఆమె నాతో చెప్పింది మాత్రం వేరే. "ఎడమ చెప్పు నిలవట్లేదమ్మా. ఎక్కడ జారిపోద్దో నాకే తెలవట్లేదు. ఎనక్కి తిరిగి చూస్తే నాలుగడుగుల అవతల పడుంటది." ఆ మాట షీటులో ఎక్కడా రాయలేదు. ఇలా పాదం పైకి లేవక వేలాడటాన్నే ఫుట్ డ్రాప్ అంటారు.

ఇది 2019 మార్చి మొదటి వారం సంగతి. బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, నాలుగేళ్ల చదువు అయిపోయి, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. గుంటూరులోనే ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ ఓపీలో పోస్టింగ్. ఇప్పుడు సొంతంగా చిన్న క్లినిక్ నడుపుతున్నాను, నా దగ్గరికీ ఇంటర్న్‌లు వస్తున్నారు. వాళ్లకి చెప్పడానికి పాత లాగ్ బుక్ తీసి ఈ కేసు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాశాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కాలి సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో సగం జబ్బు నాది. ఫిజియోథెరపీలో చేరినవాళ్లని మొదటి ఏడాది రెండు ప్రశ్నలు పీడిస్తాయి. అనాటమీ వైవాలో అడిగేది ఒకటి. బంధువుల పెళ్లిలో అడిగేది ఇంకొకటి: "ఎంబీబీఎస్ రాలేదా అమ్మా? ఫిజియో అంటే మసాజు చెయ్యడమేగా?" మొదటిదానికి బట్టీ పట్టి జవాబు చెప్పొచ్చు. రెండోదానికి మా క్లాసులో ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండేది కాదు. అందుకే మాకు మెషీన్లంటే అంత మోజు. నొప్పికి కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్, కరెంటుతో కండరాన్ని కదిలించే స్టిమ్యులేటర్. మెషీన్ పక్కన నిలబడి నాబ్ తిప్పుతుంటే మనమూ డాక్టర్లలాగే కనిపిస్తాం. పేషెంట్లకీ అదే కావాలి. మన దగ్గర ఎవరూ ఫిజియోథెరపీకి వెళ్తున్నామని చెప్పరు, "కరెంటు పెట్టించుకోవడానికి" వెళ్తున్నామంటారు. ఓపీలో మమ్మల్ని పిలిచేది కూడా అలాగే: "కరెంటు పెట్టే అమ్మాయి ఏదీ?"

ఆమె వయసు 44. బక్కపల్చటి మనిషి. భర్త ఆటో తోలతాడు, కూతురు ఇంటర్ చదువుతోంది. చీటీలో నడుము ఎక్స్‌రే గురించి ఒక ముక్క ఉంది, నడుము ఎముకల్లో కొద్దిగా అరుగుదల అని. కింద "ఐఎఫ్‌టీ, ఎక్సర్‌సైజులు, ఫుట్ డ్రాప్‌కి స్టిమ్యులేషన్" అని రాశారు. నలభై దాటినవాళ్లలో ఎంతోమంది ఎక్స్‌రేలో ఆ అరుగుదల కనిపిస్తుంది, అందులో చాలామందికి నొప్పే ఉండదు. ఇది నాకు తెలియని విషయం కాదు. పరీక్షలో రాశాను కూడా.

నేను అడిగినవి: నడుం నొప్పి ఉందా? ఉంది, మూడు నాలుగేళ్లుగా, పనెక్కువైన రోజున. కాలు ఎన్నాళ్లనుంచి? పద్దెనిమిది రోజులు. ఒకరోజు సాయంత్రం కాలు తిమ్మిరెక్కింది, పడుకుంటే పోతుందనుకుంది. పొద్దున లేచేసరికి పాదం పైకి రావట్లేదు. మూత్రం, విరేచనం ఎలా ఉన్నాయి? మామూలే. రెండో కాలు? బాగుంది. ఆ చివరి రెండు ప్రశ్నలు మాత్రం నేను సరిగ్గా అడిగినవే. రెండు కాళ్లూ పట్టు తప్పి, మూత్రం ఆగిపోయిందంటే అది ఓపీలో కూర్చోబెట్టే కేసు కాదు, అదే గంటలో సర్జన్ దగ్గరికి పంపాలి.

ఏం పని చేస్తావు అని అడిగితే "కూలి" అంది. నేను "కూలి" అని రాసుకున్నాను. గుంటూరులో పుట్టి పెరిగిన నేను మార్చి నెలలో ఒకామె కూలి అంటే ఏం కూలి అని అడగలేదు. ఊరంతా మిరపకాయ ఘాటు. శంకర్ విలాస్ సెంటర్ దాకా కళ్లు మండుతున్నాయి. అయినా అడగలేదు.

తర్వాత పరీక్ష. పాదం పైకెత్తమన్నాను. లేవలేదు, చీలమండ ముందు కండరపు తాడు కొద్దిగా బిగిసింది అంతే. కండర బలాన్ని మేం సున్నా నుంచి అయిదు దాకా లెక్కిస్తాం. అసలు కదలిక లేకపోతే సున్నా, కండరం బిగుసుకున్నట్టు వేలికి తెలిస్తే ఒకటి, బరువు లేకుండా ఉంచితే కదిలితే రెండు, భూమ్యాకర్షణకి ఎదురు లేస్తే మూడు, కొంత ఒత్తిడికి తట్టుకుంటే నాలుగు, మామూలుగా ఉంటే అయిదు. టిబియాలిస్ యాంటీరియర్ అనే ముందు కండరానికి ఒకటి వేశాను. బొటనవేలు ఎత్తేదానికి సున్నా. ఇంకేం చూడలేదు. బయట బెంచీ మీద ఇంకా పదకొండు మంది ఉన్నారు.

నడుముకి ఐఎఫ్‌టీ పెట్టాను. పిక్క ముందువైపు స్టిమ్యులేటర్‌తో ఫారడిక్ కరెంటు, అంటే నరం ద్వారా కండరాన్ని బిగించే కరెంటు, ఇచ్చాను. ఎలక్ట్రోడ్ మోకాలి కింద, బయటి వైపు ఆనించగానే పాదం ఠక్కున పైకి లేచింది. ఆమె మొహం వెలిగిపోయింది. "లేచింది లేచింది! సూడండయ్యా, లేచింది" అని పక్క మంచం మీదున్న తాతకి కూడా చూపించింది. నాకూ గాల్లో తేలినట్టయింది. నాలుగేళ్ల చదువులో ఒక మనిషి కాలు నా చేతుల్లో లేవడం అదే మొదటిసారి.

ఎనిమిది రోజుల్లో ఆరు సిట్టింగులు. కరెంటు పెట్టినంతసేపూ పాదం లేచేది. తీసేస్తే వేలాడేది. ఏడోసారి వచ్చినప్పుడు ఆమె అడిగింది: "కరెంటు లేపతా ఉంటే లేస్తంది, నేను లేపితే ఎందుకు లేవట్లేదు పాపా?" చాలా మంచి ప్రశ్న. ఈ కేసంతా ఆ ప్రశ్నలోనే ఉంది. నేను "టైం పడుతుందమ్మా" అన్నాను.

ఆ మాట మా ఇన్‌ఛార్జ్ మేడం చెవిన పడింది. ఆవిడ గట్టిగా అరిచే రకం కాదు. వచ్చి నా షీటు తీసుకుని చదివి, ఒకే ఒక్కటి అడిగారు. "ఇన్వర్షన్ ఎంత?" అంటే పాదాన్ని లోపలికి తిప్పే బలం.

చూడలేదు మేడం.

"హిప్ అబ్డక్షన్?" అంటే తుంటి దగ్గర కాలిని పక్కకి ఎత్తే బలం.

చూడలేదు.

ఆవిడ పేషెంటుని పక్కకి తిరిగి పడుకోమన్నారు. కాలు పైకెత్తమని, తుంటి పక్కన ఒత్తి చూశారు. కాలు కదలలేదు, గట్టిగా నిలబడింది. అయిదు. తర్వాత వేలాడుతున్న పాదాన్ని తన చేత్తో నిలువుగా సమంగా పట్టుకుని, పాదాన్ని లోపలికి తిప్పమన్నారు. గట్టిగా తిప్పింది. అయిదు. అలా పట్టుకోకుండా చూస్తే వేలాడే పాదం లోపలికి తిప్పడంలో కూడా బలహీనంగా ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుందని అప్పుడే చెప్పారు. పాదాన్ని బయటికి తిప్పమంటే మాత్రం రాలేదు. ఒకటి. పాదం కిందికి తొక్కడం అయిదు. మడమ దగ్గర రిఫ్లెక్స్ బాగుంది. కాలు నిటారుగా ఎత్తితే నడుములోంచి కిందికి ఏమీ లాగలేదు.

అప్పుడు తల తిరిగింది. పాదాన్ని పైకెత్తే కండరాలకీ, లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్‌కీ, తుంటి పక్కనున్న గ్లూటియస్ మీడియస్‌కీ ముఖ్యంగా నడుములో ఎల్5 అనే ఒకే నరపు వేరు నుంచి సరఫరా వస్తుంది. కానీ ఆ సరఫరా కిందికి దిగే దారులు మూడూ వేరు. నడుములోనే ఆ వేరు నలిగితే మూడూ ఎంతో కొంత దెబ్బతినాలి. ఇక్కడ ఒక్కటే పోయింది. అంటే ఇబ్బంది దారి చీలిపోయాక, ఆ ఒక్క కొమ్మ మీదే ఎక్కడో ఉంది. ఆ కొమ్మ పేరు కామన్ పెరోనియల్ నరం. సయాటిక్ నరంలోంచి మోకాలి వెనక పైభాగంలో విడిపోయి, మోకాలి బయటి వైపు ఫిబులా ఎముక మెడ చుట్టూ తిరిగి ముందుకి వస్తుంది. అక్కడ దానికి అడ్డంగా కండరం లేదు, ఎముకకీ చర్మానికీ మధ్య ఉంటుంది. కాలి నరాలన్నిట్లోకీ ఇది ఎక్కువగా నలిగేది అందుకే.

మేడం నా వేలు పట్టుకుని అక్కడ పెట్టారు. "దొర్లించు." సన్నటి తాడులాంటిది వేలి కింద కదిలింది. వేలితో రెండుసార్లు తట్టగానే ఆమె "అబ్బా, జివ్వుమంది, పాదం మీద దాకా పోయింది" అంది. దూది ముక్కతో చూస్తే పిక్క బయటి వైపు కింది భాగం, పాదం పైభాగం, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య సందు మొద్దుబారి ఉన్నాయి. చిటికెన వేలి వైపు అంచు బాగుంది, అది వేరే నరం. చెప్పు జారినా ఎందుకు తెలియలేదో అప్పుడు అర్థమైంది. హవాయి చెప్పుని వేళ్లే పట్టుకుంటాయి. ఆ వేళ్లు పైకి లేవట్లేదు, వాటి సందులో పట్టీ ఉందో లేదో చర్మానికి తెలియట్లేదు.

మొదటి ఏడాది వైవాలో నన్ను అడిగిన ప్రశ్న ఇదే. "కామన్ పెరోనియల్ నరాన్ని ఎక్కడ తాకి చూడొచ్చు?" టక్కున చెప్పాను, ఫిబులా మెడ దగ్గర వేలితో దొర్లించొచ్చని. ఎగ్జామినర్ గుడ్ అన్నారు. నాలుగేళ్ల తర్వాత అదే చోట ఆరు రోజులు ఎలక్ట్రోడ్ ఆనించాను, వేలు పెట్టలేదు.

ఇంకో సిగ్గుపడే విషయం. ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు నా కళ్లెదుటే ఉంది. నరం తెగిపోయినా, లోపలి తంతువులు చచ్చిపోయినా, దెబ్బ తగిలిన చోటుకి కింది భాగం ఒకటి రెండు వారాల్లో ఎండిపోతుంది. ఆ తర్వాత ఫారడిక్ కరెంటుకి కండరం పలకదు. ఆమె నా దగ్గరికొచ్చింది పద్దెనిమిదో రోజున. అప్పటికీ పాదం ఠక్కున లేచిందంటే కింది తంతువులు చాలావరకు బతికే ఉన్నాయని. మెదడు పంపే కబురు పైన ఒకచోట ఆగిపోతోంది, కింద వైరు బాగానే ఉంది. సెడన్ అనే సర్జన్ 1943లో నరాల దెబ్బల్ని మూడు రకాలుగా విడదీశాడు, అందులో అన్నిటికంటే తేలికైనది న్యూరాప్రాక్సియా, ఆమెది అదే. పైన ఒత్తిడి తీసేస్తే వారాల నుంచి రెండు మూడు నెలల్లో కోలుకుంటుంది. తంతువే చచ్చిపోతే కొత్తది రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పాక్కుంటూ రావాలి. ఈ తేడా మొదటి రోజే ఆ మెషీన్ నాకు చెప్పింది. నేను చప్పట్లు కొట్టి సరిపెట్టుకున్నాను.

మేడం అప్పుడు అసలు మాట అడిగారు. "ఏం కూలి?"

"మిరపకాయలకి తొడిమలు తీస్తానమ్మా." ముచ్చికలు తీయడం అని కూడా అంటారు. తొడిమ తీసిన కాయకి వేరే గిరాకీ ఉంది. సీజన్‌లో గుంటూరు చుట్టుపక్కల షెడ్లలో, కోల్డ్ స్టోరేజీల పక్కన వందలమంది ఆడవాళ్లు కుప్పల చుట్టూ కూర్చుని చేసే పని. కిలోల లెక్కన కూలి.

"ఎట్టా కూచుంటావో చూపించు."

ఎక్సర్‌సైజ్ చాప మీద ఆమె గొంతుక్కూర్చుంది. మోకాళ్లు పూర్తిగా మడుచుకుపోయి, తొడలు పిక్కలకి అతుక్కుని. ఎన్ని గంటలు? పొద్దున ఎనిమిదికి కూర్చుంటే అన్నానికి ఒకసారి లేవడం, మళ్లీ ఆరింటిదాకా. ఇంత బక్కగా ఎప్పటినుంచీ ఉన్నావంటే, సంక్రాంతి ముందు టైఫాయిడ్ వచ్చిందట. మూడు వారాలు మంచాన పడి ఆరేడు కిలోలు తగ్గింది. జాకెట్లన్నీ వదులైపోయాయి. జ్వరానికైన అప్పు తీర్చాలని ఫిబ్రవరిలో పనిలోకి దిగింది.

కథ మొత్తం అక్కడుంది. ఒళ్లు తగ్గినప్పుడు ఫిబులా మెడ దగ్గర నరానికి మెత్తలా ఉండే కొవ్వు కూడా తగ్గుతుంది. ఆ స్థితిలో గంటల తరబడి గొంతుక్కూర్చుంటే నరం నలుగుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి స్ట్రాబెర్రీ కోసేవాళ్ల పేరు పెట్టారు. పుస్తకం గుంటూరులో రాసి ఉంటే మిరపకాయ పేరు ఉండేది. షుగర్ కూడా ఇలాంటి నరాల నొక్కుడికి తోడవుతుంది, పరీక్ష చేయిస్తే మామూలుగానే ఉంది.

మేడం వెళ్లిపోతూ ఒక చిక్కు ప్రశ్న వదిలి వెళ్లారు. "రెండు కాళ్లూ ఒకేలా మడిచింది. ఎడమదే ఎందుకు పోయింది?"

ఆ ఆదివారం ఆమె పనిచేసే షెడ్డుకి వెళ్లాను. ఇది మా చదువులో ఎవరూ చెప్పింది కాదు, మేడం పంపిందీ కాదు, నాకే ఆగలేదు. గేటు దాటకముందే తుమ్ములు మొదలయ్యాయి. చుట్టూ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేర్చి ఉన్నాయి, మధ్యలో నడుమెత్తు ఎర్రటి కుప్పలు. ముఖాలకి తువ్వాళ్లు, పాత చీర ముక్కలు కట్టుకుని ఇరవై ముప్పైమంది. నేను కళ్లు తుడుచుకుంటుంటే నవ్వుతున్నారు. "కరెంటు పెట్టే డాక్టరమ్మ వచ్చింది, మాక్కూడా పెట్టమ్మా!" ఆమె నన్ను చూసి సిగ్గుపడి పని ఆపబోయింది. ఆపొద్దు, రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి అన్నాను.

పది నిమిషాలు చూశాక కనిపించింది. కుప్ప ఆమెకి ఎడమ పక్కన ఉంది. కాయలు తీసుకోవడానికి ఎడమకి ఒరుగుతుంది. తొడిమ తీసిన కాయలు వేసే ఇనప తట్టని ఎడమ మోకాలికి ఆనించి పెట్టుకుంది. తట్ట జారకుండా మోకాలితోనే నొక్కి పట్టుకుంటుంది. ఆ తట్ట అంచు తగిలేది ఎక్కడో దగ్గరికెళ్లి చూశాను. ఫిబులా మెడ మీదే. చీర కొంచెం పైకి లాగి చూస్తే అక్కడ చర్మం నల్లబడి, గీతలా గట్టిపడి ఉంది. ఎనిమిది రోజులు ఆ కాలికి కరెంటు పెట్టాను, ఆ గీత నా కంటపడలేదు. పడినా ఏదో పాత మచ్చ అనుకునేదాన్నేమో.

సోమవారం మేడంకి ఫోనులో తీసిన తట్ట ఫొటో చూపిస్తే ఏమీ అనలేదు. న్యూరాలజీకి రాసి నరాల పరీక్షకి పంపారు. ఫిబులా మెడకి కింద కరెంటు ఇస్తే జవాబు బాగానే వచ్చింది, పైన ఇస్తే బాగా తగ్గిపోయింది. కబురు అక్కడే ఆగుతోందని కాగితం మీద కూడా వచ్చింది. ఆపరేషన్ అక్కర్లేదని, మూడు నెలలు చూద్దామని డాక్టరు గారు చెప్పారు.

ఇక వైద్యం. పుస్తకంలో మొదటి లైను "ఒత్తిడికి కారణాన్ని తొలగించాలి" అని ఉంటుంది. ఆ కారణం ఆమె కూలి. పని మానమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెప్పినా ఆమె వినదు. "మానితే అప్పు ఎవరు తీరుస్తారమ్మా, మీ మెషీనా?" అంది, కోపంగా కాదు, నవ్వుతూనే. రెండు రోజులు బేరం సాగింది. చివరికి తేలింది ఇది: అడుగున్నర ఎత్తు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోవాలి, మోకాలు తొంభై డిగ్రీల కంటే ఎక్కువ మడవకూడదు. తట్ట కాళ్ల మధ్య ఇంకో బోర్లించిన పెట్టె మీద. కుప్ప కుడి పక్కకి. అరగంటకోసారి లేచి నిలబడటం. ఇంట్లో కాలు మీద కాలు వేసుకోవడం, బాసిపట్టు వేసుకుని కూర్చోవడం బంద్. మొదటి వారం చేతులకి అలవాటు లేక రోజుకి నాలుగైదు కిలోలు తగ్గాయి. ఆ డబ్బు లెక్క ఆమె నాకు పైసలతో సహా చెప్పింది. నేను షీటులో రాశాను, అది కూడా వైద్యం ఖర్చే కాబట్టి.

పాదం వేలాడకుండా ప్లాస్టిక్ ఏఎఫ్‌ఓ, అంటే పాదాన్నీ చీలమండనీ నిలిపి ఉంచే తొడుగు, ఇప్పించాలనుకున్నాం. అది హవాయి చెప్పులో పట్టదు, వెనక పట్టీ ఉన్న శాండిల్ కావాలి. రెండూ కొన్నారు, ఆమె వీధిలో వేసుకోవడానికి సిగ్గుపడింది. "కుంటిదాన్నన్నట్టు అందరికీ చాటింపేసినట్టుంటది." చివరికి శాండిల్ ముందు భాగం నుంచి చీలమండ పైన కట్టిన మెత్తటి పట్టీకి ఎలాస్టిక్ కట్టి ఇచ్చాం, చీర కింద కనపడదు. అది బాగా వాడింది. ఏఎఫ్‌ఓ అయినా, పట్టీ అయినా పై అంచు మోకాలి బయటి ఎముక మీద నొక్కకూడదు. నొక్కితే మనమే ఇంకో తట్ట పెట్టినట్టు.

ఇంట్లో ఏం చేస్తోందో అప్పుడు గానీ అడగలేదు. రోజూ రాత్రి ఉప్పునీళ్ల కాపడం, ఆ పైన ఆముదం రాసి కూతురితో మోకాలి పక్కన గట్టిగా పిసికించుకోవడం. రెండూ ఆపించాను. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు, కాలి బొబ్బలెక్కాక గానీ చూసుకోరు. నలిగిన నరాన్ని మళ్లీ పిసకడం గురించి చెప్పక్కర్లేదు. నూనె రాయాలనిపిస్తే పాదానికి, మెల్లగా, మోకాలి జోలికి పోకుండా అన్నాను. పూర్తిగా వద్దంటే నన్నే వద్దనుకునేది.

వ్యాయామాలు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పిక్క బిగుసుకుపోకుండా తువ్వాలు పాదానికి వేసి ముందుకి లాగడం, మోకాలు చాచి, అరనిమిషం చొప్పున. మొదట్లో పక్కకి పడుకుని పాదాన్ని మంచం మీద జరిపించడం, బరువు లేకుండా. స్టిమ్యులేటర్ మానలేదు, వాడే తీరు మార్చాం. ఇంతకుముందు కరెంటు పాదాన్ని లేపుతుంటే ఆమె చూస్తూ ఉండేది. ఇప్పుడు కరెంటు వచ్చే క్షణానికి తనూ లేపాలి. "నువ్వు, కరెంటు కలిసి" అని లెక్కపెట్టేదాన్ని. కండరంలో మూడు వచ్చాక గోడకి ఆనుకుని నిలబడి మడమలు నేలమీద ఉంచి వేళ్లు ఎత్తడం, ఆ తర్వాత రబ్బరు బ్యాండు, ఒంటికాలి మీద నిలబడటం. ఎడమ కాలి మీద మొదట్లో నాలుగు సెకన్లు నిలబడింది.

పాతిక రోజులు దాటినా ఏమీ కదల్లేదు. స్టూలు పెట్టాక మొదటి పది రోజులు రోజూ కొలిచాను, రోజూ అదే ఒకటి. ఆ రోజుల్లో నాకు పట్టిన టెన్షన్ ఏ పరీక్షకీ పట్టలేదు. మేడం ఒకరోజు నా చేతిలోంచి షీటు లాక్కుని "విత్తనం వేసి రోజూ తవ్వి చూస్తావా?" అన్నారు. వారానికోసారి కొలిస్తే చాలన్నారు.

ఏప్రిల్ మొదటి వారంలో పాదం బయటికి తిప్పే కండరాల్లో రెండు కనిపించింది. ముందు ఆమెకే తెలిసింది. ఓపీలోకి వస్తూనే "ఇయ్యాల చెప్పు ఒక్కసారే జారింది" అని చెప్పింది. ఆ నెల చివరికి టిబియాలిస్ యాంటీరియర్ మూడు, బయటికి తిప్పేవి మూడుకి కాస్త పైన, బొటనవేలు ఒకటి. నడిచేటప్పుడు పాదం నేలకి టప్పుమని కొట్టుకునే చప్పుడు తగ్గింది. కానీ మోకాలు పైకెత్తి నడిచే అలవాటు పోలేదు. కండరం వచ్చినా మెదడు ఇంకా పాత నడకే నడుస్తుంది. వరండాలో గీతలు గీసి, మడమ ముందు ఆనించి నడిపించడానికే రెండు వారాలు పట్టింది. మే నెలలో మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చాక పని పలచబడింది, ఆమె కాలికి అది కూడా కలిసొచ్చింది. మే చివరికి పాదం నాలుగు, బొటనవేలు మూడు. నా ఇంటర్న్‌షిప్ ముగిసే ముందు, జూన్‌లో చివరిసారి చూసినప్పుడు పాదం అయిదు, బొటనవేలు నాలుగు, ఒంటికాలి మీద ఇరవై సెకన్లు. వేళ్ల సందులో రూపాయి బిళ్లంత చోట మొద్దు అలాగే ఉంది.

ఇది వట్టి ఒక్క మనిషి కథ. మేం చేసినదానివల్లే కోలుకుందని నేను రుజువు చేయలేను. న్యూరాప్రాక్సియా తనంతట తానే తగ్గే జబ్బు. తట్ట అక్కడినుంచి తీసి ఊరుకున్నా తగ్గేదేమో, నా కరెంటూ రబ్బరు బ్యాండూ లేకపోయినా. తీయకపోతే మాత్రం తగ్గేది కాదని నా నమ్మకం. నడుము మీద పెట్టిన ఐఎఫ్‌టీకి ఈ కేసులో ఏ పాత్రా లేదు, ఆ ఆరు సిట్టింగులూ నా ఖాతాలో వేసుకున్నాను.

కేసు ప్రెజెంటేషన్ రోజున షెడ్డు గురించి చెబుతుంటే పక్క డిపార్ట్‌మెంటు నుంచి వచ్చిన ఒక సార్ "ఫిజియోథెరపిస్టులు ఫీల్డ్ సర్వేలు కూడా చేస్తున్నారా?" అని నవ్వారు. తట్ట ఫొటో తెర మీదకి వచ్చేసరికి ముందుకి వంగి చూశారు. తర్వాత ఏమీ అడగలేదు. అప్పటికి మా వృత్తికి దేశమంతటికీ ఒకటే కౌన్సిల్ అంటూ లేదు, కేంద్రం చట్టం తెచ్చింది 2021లో. పెళ్లిళ్లలో బంధువులు ఇప్పటికీ మసాజు గురించే అడుగుతున్నారు. ఇప్పుడు నేను వాళ్లని ఎలా కూర్చుంటారో చూపించమంటున్నాను.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆమె ఫోన్ చేసింది. సీజన్ మొదలైంది, స్టూలు కాలు విరిగిపోయిందట.

"ఇప్పుడు దేనిమీద కూచుంటన్నావు పిన్నీ?"

"ఇటికెల మీద. రెండు పేర్చుకున్నా."

"పడుకోబెట్టా, నిలబెట్టా?"

"పడుకోబెట్టే. నిలబెడితే దొర్లిపోద్ది."

ఆరంగుళాలు. మోకాలు ఎంత మడుచుకుంటుందో మనసులో లెక్కేసుకున్నాను. "ఆరు పేర్చుకో. పైన గోతం మడిచి వేసుకో. తట్ట ఎక్కడుంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇనుము నేలమీద ఈడ్చిన చప్పుడు వినిపించింది.